స్వామీ, కాస్త కెమెరా వైపు!

చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అన్న సామెతకు కాలదోషం పట్టింది. ఆ సామెత పుట్టిన రోజుల్లో భక్తుడు ఎంత అమాయకుడంటే, పరధ్యానాన్ని గుడి బయటే విడిచి లోపలికి వెళ్లేవాడు. మనసు మాటిమాటికీ గాలిగోపురం దాటి చెప్పుల దగ్గరికి పరుగెత్తినా, మనిషి మాత్రం స్వామి ముందు నిలబడేవాడు. ఇప్పుడా శ్రమ లేదు. పరధ్యానాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని గర్భాలయం గడప దాకా వెంట తీసుకుపోతున్నాం. శఠగోపం నెత్తిన తాకే క్షణానికే అది తొడ మీద గిలిగింతలు పెడుతుంది. తీర్థం పోస్తుంటే కుడిచెయ్యి ఖాళీ లేక ఎడమచెయ్యి చాపే మహానుభావులు కూడా తయారయ్యారు. చెప్పులకు ఒక మర్యాద ఉండేది. అవి ఏనాడూ ఎవరినీ పూజ మధ్యలో పిలవలేదు. పోతే పోయేవి, అంతే.

నమ్మకపోతే కార్తీక సోమవారం తెల్లవారుజామున గోదావరి రేవుకు వెళ్లండి. చలికి వణుకుతూ ఒక ఇల్లాలు అరటిదొప్పలో ఆవునేతి ఒత్తి వెలిగించి, పసుపూ కుంకుమా చల్లి, పువ్వు పెట్టి నీళ్లలో వదిలింది. మెట్టు మీద నిలబడిన భర్తగారు "ఆగాగు, రికార్డు నొక్కలేదు" అన్నాడు. ఆవిడ మోకాలి లోతుకు దిగి, అప్పటికే తన దారి తాను పట్టిన దీపాన్ని దొప్ప అంచు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. రెండోసారి వదిలేసరికి వెనకాల ఒక పెద్దాయన మునక వేస్తూ ఫ్రేములోకి వచ్చాడు. "బాబాయ్ గారూ, కాస్త పక్కకు జరుగుతారా?" ఆయన ముక్కు మూసుకుని సంకల్పం మధ్యలో ఉన్నాడు. అయినా జరిగాడు. మూడోసారి గాలికి దీపం కొండెక్కింది. నాలుగోసారికి తూర్పు తెల్లబడి, వీడియోలో దీపం వెలుగు ఆనడం లేదు. "పర్లేదులే, ఎడిటింగులో చీకటి చేద్దాం" అని తీర్మానమైంది. వదిలిన దీపాన్నే కాదు, వచ్చిన సూర్యుణ్ణి కూడా వెనక్కి పంపగల భక్తి ఇది! గట్టెక్కాక దంపతులిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఏకాగ్రతతో కూర్చున్నారు, వెనకాల ఏ పాట పెట్టాలో తేల్చుకోవడానికి. నదికి దండం పెట్టడం వీడియోలో ఎలాగూ ఉంది గనక విడిగా పెట్టలేదు.

ఫోన్ల వల్ల భక్తి తగ్గిపోతోందని వాపోయే పెద్దమనుషులకు ఒక మనవి. మీ లెక్క తప్పు. భక్తి తగ్గలేదు, ఏటికేడాది పొంగిపొర్లుతోంది. శనివారం గుడికెళ్తే కాలు మోపే చోటుండదు. దేవుడికి మనం ఏం తక్కువ చేశాం? టెంకాయ ఇస్తున్నాం, తలనీలాలు ఇస్తున్నాం, హుండీలో వేయడానికి చేతిలో చిల్లర లేకపోతే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మరీ ఇస్తున్నాం. ఇవ్వనిది ఒక్కటే, ధ్యాస. పాపం, ఫోను మాత్రం ఎంత నిరాడంబర దైవం! దానికి టెంకాయ వద్దు, ఉపవాసం వద్దు, మడి అసలే వద్దు. అది కోరేది ఆ ధ్యాస ఒక్కటే. అడిగిన దేవుడికి అడిగింది ఇచ్చేశాం, మిగిలినవన్నీ మూటగట్టి గుళ్లో దేవుడికి పంపించాం. నిద్ర లేవగానే ముఖం చూసేది ఎవరిది, పడుకోబోయే ముందు కళ్లకు అద్దుకున్నంత దగ్గరగా పెట్టుకునేది ఎవరిని, ఒక్క పూట కనిపించకపోతే గుండె ఆగేది ఎవరి కోసం? మీ ఇష్టదైవం ఎవరో మీ గోత్రం అడక్కుండానే చెప్పొచ్చు.

పెళ్లి పందిట్లో ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి, తారాబలం చంద్రబలం కట్టి, రాత్రి 2 గంటల 17 నిమిషాలకని నిమిషంతో సహా ముహూర్తం పెడతారు. ఆ నిమిషం దాటితే అరిష్టమని రెండువైపుల పెద్దలూ గడియారాలు చూసుకుంటూ కూర్చుంటారు. తెర తొలగించి జీలకర్రా బెల్లం పెట్టబోతుండగా మెడలో రెండు కెమెరాలతో అసలు పురోహితుడు ముందుకొస్తాడు. "అన్నా, చెయ్యి గాల్లోనే ఉంచు. మేడమ్, కొంచెం సిగ్గుపడండి. పంతులుగారూ, మీరు రెండడుగులు వెనక్కి." మూడో ముడి వేసే వేళకు నెత్తిన డ్రోను రొద. పంతులుగారి పెదవులు కదులుతుంటాయి గానీ అది మంత్రమో మరొకటో ఎవరికీ వినపడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నది పాత మాట. ఇప్పుడు పూజారి ఇచ్చినా ఫోటోగ్రాఫరు ఇవ్వడు. నవగ్రహాలన్నీ అనుకూలించినా లైటింగు కుదరకపోతే మాంగల్యధారణ మళ్లీ జరగాల్సిందే.

ఇక రామకోటి సంగతి. పూర్వం వీధికొక అమ్మమ్మ గళ్ల పుస్తకంలో రామనామం రాస్తూ కనిపించేది. రోజుకు వెయ్యి రాసినా కోటి కావడానికి 27 ఏళ్లు దాటుతుంది. రాసిన పుస్తకాలు భద్రాచలం చేర్చి, హమ్మయ్య అనుకునేది. చదువుకున్న మనవడు ఈ వృథా శ్రమ చూడలేక ఉపాయం చెప్పాడు. "ఒక్కసారి టైపు చెయ్యి అమ్మమ్మా. కాపీ కొట్టి అతికిస్తే రెండు. ఆ రెండూ కాపీ కొడితే నాలుగు." ఇలా 24 సార్లు రెట్టింపు చేస్తే లెక్క 1,67,77,216కు చేరుతుంది. కోటి పోను మిగిలిన 67 లక్షల చిల్లర మనవడి ఖాతాలో వేసుకోవచ్చు. కాఫీ చల్లారేలోపు 27 ఏళ్ల తపస్సు పూర్తి! ఒక్క చిక్కుంది. ఆ 27 ఏళ్లలో అమ్మమ్మ కునుకు తీసిన గళ్లున్నాయి, కోడలి మీద కోపంతో గబగబా నింపిన గళ్లున్నాయి, కళ్లనీళ్లు పడి సిరా చెదిరిన గళ్లున్నాయి. మనసు పారిపోయిన ప్రతిసారీ దాన్ని చెవి పట్టుకుని తెచ్చి మళ్లీ గడిలో కూర్చోబెట్టింది. రామకోటి అంటే ఆ పట్టుకొచ్చే పనే. మనవడి పద్ధతిలో కోటి వచ్చింది, రాముడూ వచ్చాడు, ఆ పనొక్కటే రాలేదు.

"మేం అలా కాదండీ, రోజూ ప్రవచనం వింటాం" అనే వర్గం ఒకటుంది. వింటారు, కాదనను. ఒకటిన్నర వేగంతో వింటారు. ప్రవచనకర్త ఊపిరి పీల్చుకునే చోట కూడా వీరికి ఆలస్యం భరించరానిది. సీతమ్మ అశోకవనంలో పడిన పది నెలల దుఃఖాన్ని కుక్కరు మూడు కూతలు కూసేలోపు ముగించాలి. "నాయనా, కోరికలు తగ్గించుకో" అని ఆయన అంటుండగా సరిగ్గా అక్కడే ప్రకటన వస్తుంది, వ్యక్తిగత రుణం, అయిదు నిమిషాల్లో మీ ఖాతాలోకి. అది దాటేలోపు పక్కన చిన్న బొమ్మలో ఎవరో నటి ఇల్లు చూపిస్తూ ఉంటుంది. వైరాగ్యం అక్కడ ఆపి, ఇల్లు చూసి వస్తారు. అసలు గంట ప్రవచనం ఎవరిక్కావాలి, నిమిషం షార్టులు ఉండగా! వాటి వెనకాల యుద్ధం సినిమాకు వాయించినట్టు వాయిద్యాలు, తెర మీద ఎగిరే అక్షరాలు.

మనసు నిలవడం లేదన్న ఫిర్యాదు కొత్తది కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడూ చేశాడు. మనసును పట్టడం గాలిని మూటగట్టడం లాంటిదన్నాడు. కృష్ణుడు కాదనలేదు, కష్టమే అన్నాడు. అభ్యాసంతో, వైరాగ్యంతో అది పట్టుబడుతుందని చెప్పాడు. గమనించండి, ఆ మాట నడిచింది హిమాలయ గుహలో కాదు. రెండు పక్షాలవీ కలిపి 18 అక్షౌహిణుల సేన, శంఖాలు, భేరీలు, ఏనుగుల ఘీంకారాలు. అంత రణగొణ మధ్య అర్జునుడు కృష్ణుడు చెప్పినదంతా చివరిదాకా విన్నాడు. మనం ఏసీ గదిలో సోఫా మీద కూర్చుని ఒక్క శ్లోకం తాత్పర్యం చివరిదాకా వినలేక వేలు పైకి జరుపుతున్నాం. పైగా "ఈ రోజుల్లో ఏకాగ్రత కుదరడం కష్టమండీ" అని నిట్టూరుస్తాం. అర్జునుడికి వీలైంది మనకు వీలుకావడం లేదంటే, మన సోఫా ఎంత భీకరమైన యుద్ధభూమి అయి ఉండాలి!

వాట్సాప్ భక్తి వేరే శాఖ. దీని వంశవృక్షం పాతదే. ఫలానా గుడిలో పాము ప్రత్యక్షమై మనిషి భాషలో మాట్లాడిందని, ఈ సంగతి వెయ్యి కరపత్రాలు అచ్చువేసి పంచినవాడికి లాటరీ తగిలిందని, చించినవాడు రక్తం కక్కుకున్నాడని ఒకప్పుడు కాగితాలు తిరిగేవి. అప్పట్లో మూఢనమ్మకానికి కూడా ప్రెస్సు ఖర్చు ఉండేది. ఇప్పుడు ఉచితం. "ఈ స్వామి ఫోటో 11 మందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త వింటారు." తీరా చూస్తే వాట్సాప్ వాళ్లు 2018లో మన దేశంలో ఒక విడతకు అయిదుగురికి మించి ఫార్వర్డు చేయకూడదన్నారు. 2020లో, చాలా చేతులు మారిన సందేశమైతే ఒక్కరికే అన్నారు. స్వామివారు పదకొండు మందంటారు, కంపెనీ ఒక్కరంటుంది. మన భక్తులు ఎవరి మాట విన్నారు? పదకొండుసార్లు విడివిడిగా నొక్కి ఇద్దరినీ గెలిపించారు. ఇంత ఓపిక, ఇంత నిష్ఠ, ఇంత లెక్క! ఇందులో సగం పెట్టి కూర్చుంటే విష్ణుసహస్రనామం ఒక ఆవృత్తి పూర్తయ్యేది. మనం పొద్దున్నే పంపుకునే శుభోదయం బొమ్మలతో భారతీయుల ఫోన్లు నిండిపోయి నిలిచిపోతున్నాయని గూగుల్ వాళ్లు గమనించిన సంగతి 2018లో పత్రికలకెక్కింది. సముద్రాన్ని ఒక్క గుక్కలో తాగినవాడు అగస్త్యుడు. ఫోను కడుపు ఒక్క పూటలో నింపినవాళ్లం మనం.

ఈ వైభవం చూసి కోర్టులు కూడా చేతులు జోడించాయి. తమిళనాడు ఆలయాల్లో మొబైల్ ఫోన్లు నిషేధించాలని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది. గుడికెళ్లినవాడు దేవుణ్ణి చూడాలని చెప్పడానికి హైకోర్టు కావలసి వచ్చింది! 2023లో కేదార్‌నాథ్‌లో ఒక అమ్మాయి గుడి ముందే మోకాలి మీద కూర్చుని ప్రియుడికి ఉంగరం ఇచ్చిన వీడియో ఊరూరా తిరిగాక, అక్కడి ఆలయ కమిటీ ఫోటోలు, వీడియోలు నిషేధమని బోర్డులు పెట్టింది. అంత ఎత్తు కొండెక్కి, ఊపిరాడని చలిలో, ప్రళయకారుడైన రుద్రుడికి దక్కింది వెనకాల కనిపించే తెర పాత్ర. మన గుళ్లలోనూ "సెల్‌ఫోన్లు నిషేధం" అని ఎర్ర అక్షరాల బోర్డులకు కొదవలేదు. ఆ బోర్డు కిందనుంచే మంత్రిగారు పూర్ణకుంభంతో వస్తారు, ఆయన వెంట నలుగురు వీడియోలు తీస్తూ వెనక్కి నడుస్తారు. స్వామికి వీపు చూపించకూడదని మనకు చెప్పే సిబ్బంది, ఆ నలుగురికి దారి ఇవ్వండని మనల్ని తోస్తారు.

తిరుమలలో మాత్రం ఫోను బయట ఇచ్చి వెళ్లాల్సిందే. ఆ కౌంటరు దగ్గర వీడ్కోళ్లు చూడాలి. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు కూడా అంత తడబాటు ఉండదు. చివరిసారి తెరిచి ఒకసారి చూసుకోవడం, చార్జింగ్ ఎంతుందో కనుక్కోవడం, టోకెన్ చీటీ నోట్లో పెట్టుకున్నంత భద్రంగా దాచుకోవడం. తరవాత కంపార్టుమెంటులో మొదటి గంట ప్రతి చెయ్యీ ఉత్త జేబును తడుముతుంది. రెండో గంటకు పక్కవాడికి ముఖం ఉందని తెలుస్తుంది. మూడో గంటకు ఎవరో "గోవిందా" అంటారు, హాలంతా అందుకుంటుంది. ఆ అరుపులో ఎవరూ ఎవరినీ చూడటం లేదు, ఎవరూ ఎవరికీ చూపించడం లేదు. తెలుగువాడి నోట నిజంగా దేవుడి పేరు వచ్చే అరుదైన సందర్భం అది. అలాంటి చోట కూడా 2024లో ఒక యూట్యూబరు బృందం ఫోను పట్టుకుపోయి, గేటు తాళం తీస్తున్నట్టు నటించి, ఆశగా లేచిన జనాన్ని చూసి నవ్వుకుంటూ పారిపోయే వీడియో తీసింది. గంటలకొద్దీ కూర్చున్నవాళ్ల ఆశ వాళ్లకు తమాషా. దర్శనమయ్యాక మనం చేసే పని కూడా ఏమంత గొప్పది కాదు. స్వామి కనిపించింది నాలుగు క్షణాలు, "జరగండి జరగండి" మధ్య. బయటికొచ్చి మొదట పరుగెత్తేది లడ్డూ కౌంటరుకా, ఫోను కౌంటరుకా? దేవస్థానం వారు ఆ రెండింటికీ ఒకేసారి పరుగుపందెం పెడితే లడ్డూకు డిపాజిట్టు దక్కదు.

ఇదంతా హిందువుల గొడవ అని పక్కింటివారు నవ్వుకోనక్కర్లేదు. ఈ విషయంలో మతసామరస్యం సంపూర్ణంగా వర్ధిల్లుతోంది. ఆదివారం చర్చిలో బైబిలు ఫోనులోనే ఉంది, నిజమే. పాస్టరుగారు కీర్తనల గ్రంథం తెరవమంటే అందరూ తెరుస్తారు. కొందరు మాత్రం అక్కడినుంచి రెండు వేళ్ల దూరంలో ఉన్న క్రికెట్ స్కోరుకు వెళ్లి, సరిగ్గా వికెట్ పడ్డప్పుడే "స్తోత్రం" అంటారు. మసీదు గోడ మీద ఫోన్లు ఆపమని రాసి ఉంటుంది. వరసలన్నీ సజ్దాలో నేలకు నుదురు ఆనించిన నిశ్శబ్దంలో మూడో వరస నుంచి సినిమా పాట మోగుతుంది. ఉమ్రాకు వెళ్లినవారు కాబాకు వీపు పెట్టి నవ్వుతూ దిగిన ఫోటోలు బంధువులందరికీ చేరాయి. దేవుళ్లు వేరైనా అందరి గుళ్లలోనూ మూలవిరాట్టు ఒకటే అయింది.

ఆ మూలవిరాట్టును చెక్కిన శిల్పుల గురించీ ఒక మాట చెప్పాలి. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనరు ఎంత కిందికి లాగినా పేజీ అయిపోని ఏర్పాటు కనిపెట్టాడు. తరవాత ఆయనే బహిరంగంగా చింతించాడు. 2009లో ఫేస్‌బుక్ లైకు బొత్తాం పెట్టింది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధిస్తే, జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన గడపలో దిగింది. సింహాసనం ఒక్క నెల కూడా ఖాళీగా లేదు. మన పూజలన్నిటికీ ఒక ముగింపు ఉంది. హారతి ఇచ్చి, ఉద్వాసన చెప్పి లేవాలి. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) అంతటి హరికథా పితామహుడైనా చివర మంగళం పాడాల్సిందే, జనం ఇళ్లకు పోవాల్సిందే. మంగళం లేని పూజ ఒక్క దీనికే కుదిరింది. ఇది పొరపాటున జరిగింది కాదు, కూర్చున్నవాడు లేవకూడదనే కట్టారు. మనం ఎంతసేపు లేవకపోతే వాళ్లకు అన్ని ప్రకటనలు. భక్తుడు మనం, దక్షిణ వాళ్లకు.

సరే, తెలిసింది కదా, లేవొచ్చు కదా? అక్కడే మన దీక్షల బండారం బయటపడుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాడు 41 రోజులు మద్యం మానేస్తాడు, మాంసం మానేస్తాడు, చెప్పులు విడుస్తాడు, చాప మీద పడుకుంటాడు, మాఘపు చలి రాకముందే చన్నీళ్లు పోసుకుంటాడు. మనిషి దేన్ని వదల్లేడో దాన్ని వదిలించడానికే పెద్దలు ఈ నియమాలు పెట్టారు. ఆ జాబితా తయారైన రోజున ఫోను లేదు గనక అది తప్పించుకుంది. ఈ ఏడాది గురుస్వామి ఒక్క నియమం చేర్చి చూడాలి: మాల మెడలో ఉన్నన్నాళ్లూ ఫోను మాటలకే, తెర చూడరాదు. చాప మీద పడుకోవడానికి సిద్ధపడ్డ ధీరుల్లో ఎందరు మాల తీసి కళ్లకద్దుకుని తిరిగి పళ్లెంలో పెట్టేస్తారో చూడాలి. గురుస్వామి కూడా ఆలోచించుకోవాలి లెండి. పడిపూజ ఎక్కడో తెలిపే లొకేషను ఆయనే గ్రూపులో పంపాలి.

అంత పెద్ద దీక్ష వద్దు. చిన్న పరీక్ష చాలు. ఈ వారం ఒక్క పూజ చేయండి. దీపమో, ప్రార్థనో, నమాజో, మీ ఇష్టం. ఫోటో వద్దు, స్టేటస్ వద్దు, అమెరికాలో ఉన్న అబ్బాయికి వీడియో కాల్ వద్దు. పక్కింటావిడకు ప్రసాదం ఇస్తూ "పొద్దున్నే నాలుగింటికే లేచామండీ" అని చెప్పడం కూడా వద్దు. మీకూ ఆయనకూ తప్ప మూడో కంటికి తెలియకూడదు. చేస్తుండగా "ఎవరికీ తెలియనప్పుడు ఇంత శ్రమ ఎందుకు?" అని లోపలినుంచి ఒక గొంతు అడిగిందా? కంగారు పడకండి. ఇన్నాళ్లూ మీ ఇంట్లో పూజలందుకున్న దేవుడు మాట్లాడుతున్నాడు.